చూపు లేనివారికి వైద్యం అందే దారి

పాఠ్యభాగ ఉద్దేశం

కంటిచూపు కోల్పోయినవారిని గురించి మనం సాధారణంగా ఒకే ప్రశ్న వేసుకుంటాం: ఆ చూపు తిరిగి వస్తుందా, రాదా? చూపు తిరిగి రానివారికి కూడా జ్వరం వస్తుంది, పన్ను నొప్పి పుడుతుంది, మధుమేహం వస్తుంది. ఆడవారికి కాన్పు సమయం వస్తుంది. అటువంటివారు వైద్యశాలకు వెళ్ళి తమ బాధను తామే చెప్పుకొని, ఇచ్చిన మందును తామే గుర్తుపట్టి వేసుకోగలుగుతున్నారా అన్న విషయాన్ని విద్యార్థుల ముందుంచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వ్యాసభారతం ఆదిపర్వంలో ఉపమన్యుని కథ ఒకటి ఉంది. ధౌమ్యుని శిష్యుడైన ఉపమన్యువు గురువుగారి ఆవులను కాసేవాడు. తెచ్చిన భిక్ష గురువుకే సమర్పించవలసి వచ్చింది. పాలు తాగరాదని ఆజ్ఞ అయింది. ఆకలికి ఓర్వలేక ఒకనాడు అడవిలో జిల్లేడాకులు తిన్నాడు. దానితో చూపు పోయింది. తడుముకుంటూ తిరుగుతూ ఒక పాడునూతిలో పడ్డాడు. పొద్దుగూకినా శిష్యుడు ఇల్లు చేరకపోయేసరికి గురువు తక్కినవారిని వెంటబెట్టుకొని అడవికి వెళ్ళి, పేరుపెట్టి పిలిచాడు. నూతిలోనుంచి సమాధానం వచ్చింది. ఏమైందని అడిగి తెలుసుకొని, దేవవైద్యులైన అశ్వినులను స్తుతించుమని గురువు ఉపదేశించడం, వారు ప్రత్యక్షమై చూపును అనుగ్రహించడం ఆ తరువాతి కథ.

ఈ కథ చెప్పేవారిలో చాలామంది అశ్వినుల మహిమ దగ్గర ఆగుతారు. నేను మాత్రం దానికి ముందు జరిగినదాని దగ్గర ఆగుతాను. చూపు పోయినవాడిని వెతుక్కుంటూ ఒకరు వచ్చారు. వచ్చినవారు పేరుపెట్టి పిలిచారు. ఏం జరిగిందో పక్కవారిని కాక అతడినే అడిగారు. ఈనాటి వైద్యశాలల్లో అశ్వినుల కొరత కొంతవరకు తీరింది. ఆ విధంగా పిలిచి, అడిగేవారి కొరత ఇంకా తీరలేదు.

అశ్వినుల పని ఎంతవరకు జరిగిందో ముందు చూద్దాం. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాల ప్రస్తావన ఉంది. శుక్లానికి శస్త్రచికిత్స చేసే విధానం కూడా అందులో ఉంది. ఇంతటి పూర్వచరిత్ర ఉన్న దేశంలో ప్రభుత్వం పూనుకొని జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది 1976లో. 2015 – 2019 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, యాభై ఏండ్లు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం మేరకు శుక్లమే కారణమని తేలింది. అంటే చూపులేని ముగ్గురు పెద్దవారిలో ఇద్దరి సమస్య శస్త్రచికిత్సకు లొంగేదే. చికిత్స ఉండి కూడా అది అందకపోవడానికి ముఖ్యకారణం దూరం. పల్లెనుంచి పట్నానికి ఉన్న దూరం ఒక్కటే కాదు; తోడు వచ్చేవారి ఒకరోజు కూలికీ, ముసలివారి చూపుకీ మధ్య ఇంట్లో జరిగే బేరం కూడా ఆ దూరంలో భాగమే.

ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు తెలుగునేల మీద గట్టిగానే జరిగాయి. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో పుట్టి, చలనచిత్రరంగంలో పేరుపొందిన ఎల్.వి.ప్రసాద్ కుటుంబం కోటి రూపాయలనూ ఐదెకరాల స్థలాన్నీ విరాళంగా ఇవ్వగా, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఒక నేత్రవైద్య సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ 1996లో, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్న ముధోల్‌లో గ్రామీణ నేత్రవైద్యశాలను తెరిచింది. యాభైవేల జనాభాకు ఒక దృష్టికేంద్రం, ఐదు లక్షల జనాభాకు ఒక శస్త్రచికిత్సాలయం, ఆపైన పెద్ద వైద్యశాల అనే అంచెల పద్ధతిని అమలుపరచింది. కళ్ళద్దాలతో సరిపోయే పనికి మనిషి పట్నం వెళ్ళనక్కరలేదు అన్నది ఈ పద్ధతిలోని కీలకం. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ‘కంటి వెలుగు’ను ప్రారంభించి మొదటి విడతలో కోటిన్నరకు పైగా ప్రజలకు పరీక్షలు జరిపింది, రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కార్యక్రమం తొలుత బడిపిల్లల కళ్ళను పరీక్షించింది.

ఇవన్నీ మెచ్చదగినవే. కాని పరీక్షా శిబిరంలో వరుసలో నిలబడినవారందరి కథా ఒకలాగే ముగియదు. ఒకరు కళ్ళద్దాలు పెట్టుకొని వెళ్తారు. ఇంకొకరిని శస్త్రచికిత్సకు పంపుతారు. నీటికాసుల వ్యాధి ముదిరి కంటినరం దెబ్బతిన్న మూడవ మనిషికి ‘పోయిన చూపు ఇక రాదు’ అని చెప్తారు. అది నిజమే, నీటికాసుల వలన పోయిన చూపును తిరిగి తెచ్చే వైద్యం నేటికీ లేదు. కాని ఆ మాట విన్న మనిషి ఆ క్షణం నుంచి వైద్యుల లెక్కలోనుంచే తప్పుకుంటాడు. ‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అనే సూక్తిని కంటి ఆసుపత్రుల గోడల మీద రాయిస్తారు. సూక్తి గొప్పదే. ప్రధానమైనది పోయినవానికి మిగిలిన ఇంద్రియాల సంగతి, మిగిలిన దేహం సంగతి ఎవరు పట్టించుకోవాలో మాత్రం ఆ గోడ చెప్పదు.

చట్టం ఏ మేరకు చూపు తగ్గితే అంధత్వం అంటుందో ఇక్కడ తెలుసుకోవాలి. బాగా కనిపించే కంటికి తగిన అద్దాలు పెట్టిన తరువాత కూడా, మామూలు మనిషి 60 మీటర్ల దూరం నుంచి చూడగలిగినదాన్ని 3 మీటర్ల దూరంలో కూడా చూడలేకపోతే అది అంధత్వం. అంతకన్న కొంత మెరుగ్గా ఉండి, మామూలు చూపుకు చాలా తక్కువైతే అది అల్పదృష్టి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంటూ ఈ రెండింటినీ విడివిడిగా చెప్పింది. పూర్తి చీకటిలో ఉన్నవారికన్న, కొంత వెలుతురు, కొంత నీడ తెలిసేవారే ఎక్కువమంది. అల్పదృష్టి గలవారి కష్టం ఒక విధంగా మరీ చిక్కు. తెల్లకర్ర పట్టుకోరు కాబట్టి ఎదుటివారికి వారి స్థితి తెలియదు. ‘అంత పెద్ద బోర్డు కనపడలేదా’ అని కసురుకుంటారు.

ఇక వైద్యశాలలోకి వెళ్దాం. విద్యార్థులారా! మీరు జ్వరంతో ఏదైనా పెద్దాసుపత్రికి వెళ్ళిన సందర్భాన్ని గుర్తుచేసుకొని, ఆ దారినంతా కళ్ళు లేకుండా మరొకసారి నడవండి. మొదట ఓపీ చీటీ రాయించుకొనే వరుస. ఆ వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపున్నవారికే తెలియదు. చీటీ చేతికి వచ్చాక ‘ఆ గదికి వెళ్ళండి, ఈ వైపు నుంచి’ అంటారు. మీరు వ్యాకరణంలో త్రికసంధి చదువుకున్నారు. ఆ, ఈ, ఏ అనే సర్వనామాలు త్రికములు. ‘ఆ’ అన్నప్పుడూ ‘ఈ’ అన్నప్పుడూ మాటలో మిగిలిపోయిన అర్థాన్ని చూపుడువేలు పూరిస్తుంది. వేలు కనిపించనివారికి ఆ వాక్యం సగమే అందుతుంది. ‘మీరు నిలబడినచోటు నుంచి ఎడమచేతి వైపు ఇరవై అడుగులు నడిస్తే గోడ తగులుతుంది, ఆ గోడకు మొదటి తలుపు’ అని చెప్పడానికి పట్టే సమయం పది క్షణాలు. దానికి ఖర్చు లేదు.

గది బయట కూర్చున్నాక మరొక చిక్కు. పూర్వం కాంపౌండరు బయటికి వచ్చి పేరు పిలిచేవాడు. ఇప్పుడు చాలాచోట్ల గోడమీద ఎర్రని అంకెలు వెలిగే పలక పెట్టారు. చూపున్నవారికి అది సౌకర్యం. లేనివారు తమ వంతు వచ్చిందా అని పక్కవారిని పదేపదే అడుగుతూ ఉండాలి. పక్కవారు లేచి వెళ్ళిపోతే వంతు కూడా పోతుంది. అంకె వెలగడంతోపాటు దాన్ని చదివి వినిపించే ఏర్పాటు ఉన్న వైద్యశాలలు కొన్ని లేకపోలేదు. ఆ గొంతును ‘గోలగా ఉంది’ అని తగ్గించివేసే సిబ్బందికి, అది గోల కాదని, కొందరికి అదే దారి అని ఎవరైనా చెప్పాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది వైద్యుని గదిలో జరుగుతుంది. మా కళాశాలలో చదివి, ఇప్పుడు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్న మా పూర్వవిద్యార్థి ఒకరికి పుట్టుకతో చూపు లేదు. ఒకసారి జ్వరం వచ్చి, తమ్ముణ్ణి తోడు తీసుకొని వైద్యశాలకు వెళ్ళారట. వైద్యుడు తమ్ముడి వైపు తిరిగి, ‘ఈయనకు జ్వరం ఎన్నాళ్ళ నుంచి?’ అని అడిగారు. తమ్ముడు ఆ ఉదయమే ఊరినుంచి వచ్చాడు; తెలియక అన్నవైపు చూశాడు. ‘మూడు రోజులండీ’ అని రోగి జవాబు చెప్పారు. వైద్యుడు మళ్ళీ తమ్ముణ్ణే అడిగారు: ‘అన్నం తింటున్నాడా?’

ఈ సంగతి చెప్తూ ఆయన నాతో, ‘అయ్యగారూ! ఆ గదిలో నాకు జ్వరం కన్న వ్యాకరణం ఎక్కువ బాధపెట్టింది’ అన్నారు. ఎంత సరియైన మాట! మాట్లాడేవారు ఉత్తమపురుష. ఎవరితో మాట్లాడుతున్నామో వారు మధ్యమపురుష. ఎవరిని గురించి మాట్లాడుతున్నామో వారు ప్రథమపురుష. వైద్యుని ఎదుట కూర్చున్న రోగి మధ్యమపురుషలో ఉండవలసినవారు. చూపు లేదన్న ఒక్క కారణంతో, ఎదుట ఉండి కూడా ప్రథమపురుషలోకి జారిపోయారు. రెండో ప్రశ్నకు వచ్చేసరికి ‘ఈయన’ పోయి, క్రియాపదం చివర ఏకవచనం కూడా వచ్చి కూర్చుంది. వైద్యుడు చెడ్డవాడై అలా అడగలేదు. చూపు కలవడం మీద సంభాషణ మొదలుపెట్టే అలవాటు మనందరిదీ. కళ్ళు కలవనిచోట మాట కలపడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. చేయవలసినది చిన్నదే. ముందు రోగి పేరు పిలవాలి. ‘నేను వైద్యుణ్ణి, మీ ఎదురుగా కూర్చున్నాను’ అని చెప్పాలి. పిలిచిన పేరుతోనే ప్రశ్న మొదలుపెట్టాలి. తోడు వచ్చినవారు నోరు విప్పవలసినప్పుడు రోగే విప్పమంటాడు.

ఈ ప్రథమపురుష వలన నష్టపోయేది గౌరవం ఒక్కటే అయితే ఇంతగా చెప్పనక్కరలేదు. వైద్యం కూడా నష్టపోతుంది. మరిది వెంట వచ్చిన కోడలు, కొడుకు వెంట వచ్చిన తల్లి తమ శరీరంలోని బాధను వారి ముందు ఎంతవరకు చెప్పగలరు? చూపున్న స్త్రీ ఒక కాగితం మీద రాసి చూపగలదు. తలుపు వేసి ఉందో లేదో తానే చూసుకోగలదు. గర్భనిర్ధారణ పరీక్షను ఇంట్లో ఒంటరిగా చేసుకోగలదు. ఆ పరీక్ష ఫలితం రెండు గీతలు. చూపులేని స్త్రీకి ఆ గీతలను మరొకరు చదివిపెట్టాలి. తన విషయం తనకన్న ముందు మరొకరికి తెలియడం అన్నమాట. అందుచేత తోడువచ్చినవారిని కొంచెంసేపు బయట ఉండమని, గదిలో ఎవరెవరు ఉన్నారో రోగికి పేర్లతో చెప్పి, తలుపు వేసిన సంగతి కూడా చెప్పడం వైద్యవృత్తి మర్యాదలో భాగం కావాలి. పల్లెల్లో ఈ పనిని ఆశా కార్యకర్తలూ ఏఎన్‌ఎంలూ చక్కగా చేయగలరు. గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులోని తేదీలను నోటితో చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకుంటే చాలు.

సమ్మతిపత్రం సంగతి మరొకటి. శస్త్రచికిత్సకు ముందు రోగి చేత సంతకం చేయిస్తారు. చూపులేనివారు చదువుకొన్నవారైనా, సంతకం చేయగలవారైనా, సిరా దిమ్మ ముందుకు జరిపి వేలిముద్ర అడగడం తరచుగా జరిగేదే. కాగితంలో ఏముందో చదివి వినిపించేవారు అరుదు. కాని 2016 చట్టం, జీవితంలోని అన్ని విషయాల్లోనూ వికలాంగులకు ఇతరులతో సమానమైన చట్టబద్ధ సామర్థ్యం ఉందని స్పష్టంగా చెప్పింది. వినిపించకుండా వేయించుకున్న ముద్ర కాగితానికి సరిపోతుందేమో గాని సమ్మతికి సరిపోదు.

చెప్తూ చేయడం అనే విద్యకు మన సాహిత్యంలో ఒక మహోదాహరణ ఉంది. కురుక్షేత్ర యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రునికి చూపునిస్తానన్నాడు. బంధువుల వధను కళ్ళారా చూడలేనని, వినిపించేవారుంటే చాలునని ఆ రాజు వేడుకున్నాడు. ఆ వరం సంజయునికి దక్కింది. తిక్కన యుద్ధపర్వాల్లో మనం చదివే యుద్ధమంతా ఆ విధంగా చూపులేని ఒక శ్రోత కోసం చెప్పిన యుద్ధమే. ధృతరాష్ట్రుని గుణదోషాల చర్చ ఇక్కడ అప్రస్తుతం. చూపులేకపోవడాన్నీ వివేకం లేకపోవడాన్నీ ముడిపెట్టి ఆయనను ఉదాహరించే అలవాటు మాత్రం మంచిది కాదు. ఇక్కడ గ్రహించవలసినది సంజయుని పద్ధతి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో వరుసగా చెప్పాడు. రాజు మళ్ళీమళ్ళీ అడిగినా చెప్పాడు. రక్తం తీసే సిస్టరు ‘ఇప్పుడు మీ ఎడమ మోచేతి దగ్గర చల్లని మందు రాస్తాను, తరువాత సూది గుచ్చుతాను’ అని చెప్తే ఆమె ఆ క్షణంలో సంజయుని పనే చేసింది. చెప్పకుండా గుచ్చిన సూది చూపున్నవానికన్న లేనివానికి ఎక్కువ నొప్పి.

నడిపించే పద్ధతిని గురించి ఒక మాట. చూపులేని మనిషిని చేయిపట్టి లాగరాదు, వెనుకనుంచి నెట్టరాదు. మన మోచేతికి పైభాగాన్ని వారిని పట్టుకోనిచ్చి, అర అడుగు ముందు నడవాలి. మెట్టు వస్తే ఎక్కేదో దిగేదో చెప్పాలి. కుర్చీ దగ్గర వారి చేతిని కుర్చీ వీపు మీద ఉంచితే తామే కూర్చుంటారు. పళ్ళెంలో ఏది ఎక్కడుందో గడియారపు అంకెలతో చెప్పవచ్చు: మూడు దగ్గర అన్నం, తొమ్మిది దగ్గర కూర. ఆసుపత్రిలో చేరిన రోగి ముందు భోజనం పళ్ళెం చప్పుడు లేకుండా పెట్టి వెళ్ళిపోతే, అది చల్లారిపోయేదాకా అక్కడుందని ఆయనకు తెలియదు.

ఇక మందులు. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. రక్తపోటు మాత్ర, మధుమేహం మాత్ర, నిద్రమాత్ర ఒకే పరిమాణంలో, ఒకే రకం పట్టీలో ఉంటే వేలికొసలకు భేదం తెలియదు. గడువు తేదీ సంగతి సరేసరి. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన శాసనం మందుపెట్టె మీద మందు పేరు బ్రెయిలీ లిపిలో ఉండాలని నిర్దేశించింది. మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 రకాల మందుల మీద క్యూఆర్ కోడ్ గాని బార్‌కోడ్ గాని తప్పనిసరి అయింది. నకిలీ మందులను అరికట్టడం దాని ఉద్దేశం. అయినా మందు పేరు, గడువు తేదీ అందులో ఉంటాయి కనుక, మాట్లాడే ఫోను ఉన్నవారికి అది మరొక విధంగా కూడా పనికిరావచ్చు. అయితే ఆ చదరపు గుర్తు పట్టీ మీద ఎక్కడుందో వేలికి తెలిసే ఏర్పాటు కూడా ఉండాలి కదా.

బ్రెయిలీ ఒక్కటే పరిష్కారమని అనుకోవడం పొరపాటు. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ 1951లో స్థిరపడింది. తెలుగు పిల్లలు అంధుల పాఠశాలల్లో దాన్ని చక్కగా నేర్చుకుంటారు. కాని అరవయ్యో ఏట మధుమేహంతో చూపు పోయిన పెద్దాయన వేళ్ళకు ఆ చుక్కలు పట్టుబడవు. మధుమేహం వేలికొసల స్పర్శను కూడా మొద్దుబార్చగలదు. అటువంటివారికి మాటే గతి. రక్తంలో చక్కెరను కొలిచి ఫలితాన్ని గొంతుతో చెప్పే యంత్రాలు ఉన్నాయి. ఇన్సులిన్ కలంలో ఒక్కొక్క మోతాదుకు టిక్కుమనే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడును మాత్రమే లెక్కపెట్టుకొని మందు తీసుకోవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. చూపును పోగొట్టే రోగానికి, చూపుంటే తప్ప వాడలేని పరికరం ఇవ్వడంలోని విచిత్రాన్ని గమనించండి.

చట్టం ఏమంటుంది? 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన ఆ 2016 చట్టంలోని 25వ సెక్షను మూడు మాటలు చెప్పింది. కుటుంబ ఆదాయానికి లోబడి, దగ్గరలోనే, విశేషించి గ్రామాల్లో, ఉచితవైద్యం అందాలి. ప్రభుత్వ ఆసుపత్రులలోనే కాదు, ప్రైవేటు ఆసుపత్రులలో కూడా అన్ని భాగాలలోకీ అవరోధం లేని ప్రవేశం ఉండాలి. చూడటంలోనూ చికిత్సలోనూ ప్రాధాన్యం ఇవ్వాలి. ఓపీ వరుస దగ్గర ఈ సెక్షను తెలిసినవారు ఎందరుంటారో నేను చెప్పలేను గాని, దాన్ని ఒక బోర్డు మీద రాయించి పెట్టిన వరుసను నేనింతవరకు చూడలేదు. చూపు సమస్య ఉన్న రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇస్తూ, ప్రవేశసౌలభ్యానికి సంబంధించిన నియమాలు సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి ప్రమాణాలను రూపొందించాలని ఆదేశించింది. వాలుదారి కట్టగానే సౌలభ్యం వచ్చేసిందనుకొనే భవన నిర్మాతలు గమనించవలసిన తీర్పు ఇది. వాలుదారి చక్రాల కుర్చీకి దారి. చూపులేనివారికి కావలసిన దారి వేరు.

ఈ మధ్యకాలంలో వైద్యశాల ద్వారం ఫోనులోకి మారింది. కరోనా టీకాల కాలంలో ఈ మార్పు అందరికీ తెలిసివచ్చింది. టీకాకు వంతు నమోదు చేసుకునే కోవిన్ వేదికలో, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేయమనే చోట వాటిని చదివి వినిపించే సౌకర్యం లేదన్న విషయాన్ని సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో ప్రస్తావించింది. మనిషినని నిరూపించుకోవడానికి చూపు ఉండాలని యంత్రం అడిగిందన్నమాట! 2025 ఏప్రిల్ 30న అదే న్యాయస్థానం, ఆమ్లదాడి బాధితులూ చూపులేని ఒక న్యాయవాదీ వేసిన వ్యాజ్యాలలో, అంతర్జాల సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఫోనులో గుర్తింపు ప్రక్రియకు కంటిరెప్ప ఆర్పమనడం ఆ వ్యాజ్యాలకు మూలం.

ఫోను శత్రువని నా అభిప్రాయం కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవను చూడండి. మూడంకెలు నొక్కితే గొంతు పలుకుతుంది. చిరునామా చెప్తే బండి వస్తుంది. మాటే ద్వారమైన సేవ కనుక అందులో చూపున్నవారికీ లేనివారికీ భేదం లేదు. 2020 జనవరిలో రిజర్వుబ్యాంకు విడుదల చేసిన ‘మణి’ అనే సాధనం నోటు విలువను చదివి చెప్తుంది. మందుల షాపు దగ్గర చిల్లర లెక్క చూసుకోవడానికి అది ఉపయోగం. తెరమీది తెలుగును చదివి వినిపించే సదుపాయం ఇప్పటి ఫోన్లలో ఉంది. పరీక్షల నివేదికను ఫొటోగా కాక అక్షరాలుగా పంపితే ఆ సదుపాయం దాన్ని చదువుతుంది; ఫొటోగా పంపితే చాలాసార్లు తడబడుతుంది. ఏ రూపంలో పంపాలన్నది పంపేవారి చేతిలో ఉన్న పని.

ఇంగ్లండులో 2016 నుంచి అమలులో ఉన్న ఒక ప్రమాణం మనకు అనుసరణీయం. వైద్యం కోసం వచ్చిన మనిషికి సమాచారం ఏ రూపంలో కావాలో, మాటగానా, పెద్ద అక్షరాల్లోనా, బ్రెయిలీలోనా అని ఒకసారి అడిగి, ఆ విషయాన్ని అతని వైద్యపత్రంలో అందరికీ కనబడేలా నమోదుచేసి, తరువాత చూసే ప్రతి విభాగానికీ తెలియజేయాలి. మన ఓపీ చీటీలో వయసు, బరువు, రక్తపోటు రాస్తారు. ‘ఈ రోగికి నోటితో చెప్పవలెను’ అన్న ఒక్క వాక్యానికి అక్కడ చోటు లేకపోలేదు. గచ్చుమీద గీతల రాళ్ళు పరచడానికి నిధులు కావాలి. ఈ వాక్యానికి సిరా చాలు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి ఆ పథకం వర్తించే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉంటున్నారు. చీటీలోని ఆ వాక్యాన్ని గది గదికీ చేరవేయడం వారికి అప్పగించవచ్చునని నా సూచన.

పేర్ల గురించి కూడా కొంత చర్చ జరుగుతూ ఉంటుంది. ‘గుడ్డి’ అన్న మాటను నలుగురిలో అనకూడదని నేర్చుకొన్నాం, అది మంచిదే. ‘అంధులు’, ‘దృష్టిలోపం ఉన్నవారు’, ‘దివ్యాంగులు’ అంటూ మాట మారుస్తూ వచ్చాం. మాట మారినంతమాత్రాన వరుస కదలదు. మా పూర్వవిద్యార్థిని ఒకసారి అడిగాను, ఏ పేరుతో పిలిస్తే మీకు బాగుంటుందని. ‘నా పేరుతో’ అన్నారు.

ఆయన మందులు గుర్తుపట్టే పద్ధతి చెప్పి ఈ పాఠం ముగిస్తాను. ఉదయం వేసుకోవలసిన పట్టీకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి వేసుకోవలసినదానికి రెండు. జ్వరం వస్తేనే వేసుకోవలసినదానికి మూల కత్తిరించి ఉంటుంది. పూర్వం ఇంటికి తెచ్చుకొని తమ్ముడు వచ్చేదాకా ఆగి ఈ గుర్తులు పెట్టించుకొనేవారు. ఇప్పుడు వారి వీధిలోని మందుల షాపు యజమాని సొరుగులో ఒక రబ్బరు బ్యాండ్ల పొట్లం ఉంచుకొన్నారు. ‘మాస్టారూ! ఇది పొద్దుటిది, ఒకటి. ఇది రాత్రిది, రెండు’ అని లెక్కచెప్పి, పట్టీలు చేతిలో పెట్టి, వేలితో తడిమించి మరీ పంపుతారట.

కఠిన పదాలు – అర్థాలు

అల్పదృష్టి = మామూలుకన్న బాగా తగ్గిన చూపు
అవరోధం = అడ్డంకి
పాడునూయి = వాడుకలో లేని బావి
శుక్లం = కంటిలోని సహజమైన కటకం మసకబారడం
సమ్మతిపత్రం = అంగీకారం తెలిపే కాగితం
వ్యాజ్యం = న్యాయస్థానంలో వేసిన దావా

ప్రశ్నలు

1. వైద్యుని గదిలో రోగి ‘ప్రథమపురుషలోకి జారిపోవడం’ అంటే ఏమిటి? దానివలన వైద్యానికి కలిగే నష్టాన్ని వివరించండి.
2. ఉపమన్యుని కథలో రచయిత ఏ అంశం దగ్గర ఆగారు? ఎందుకు?
3. వికలాంగుల హక్కుల చట్టంలోని 25వ సెక్షను ఏం చెప్తుంది? మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అందులో ఏది అమలవుతున్నదో చూసి పది వాక్యాల్లో రాయండి.
4. మీ కళాశాల ద్వారం నుంచి గ్రంథాలయానికి దారిని ‘ఆ, ఈ, ఇక్కడ, అక్కడ’ అనే మాటలు వాడకుండా ఒక మిత్రునికి చెప్పండి.
5. ఈ క్రింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి: జిల్లేడాకులు, ఏమైంది, సర్వేంద్రియ.